పాటల డబ్బాకు మాటలొచ్చిన వైనం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో టెలిఫోన్ విశ్రాంత సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డీఏ బకాయిల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పక్కకు పిలిచి, "ఆ పాటల డబ్బా సంగతి నలుగురికీ చెప్పండి, పనికొచ్చేవాళ్లు ఉంటారు" అన్నారు. నేను వక్తను కాను. ముప్పయ్యారేళ్లు ఎక్స్ఛేంజిలో ఫాల్టులు వెతికినవాణ్ణి. కాబట్టి ఇది కూడా ఫాల్టు వెతికిన కథలాగే చెబుతాను. మన్నించాలి.

మా ఇంటావిడకు నీటికాసులు. గ్లాకోమా అంటారు. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే వైద్యం. 2023 నాటికి ఆమెకు మనిషి నీడ తెలుస్తుంది కాని అక్షరం తెలియదు. పుస్తకం పోయింది, టీవీ పోయింది, మిగిలింది వినికిడి ఒక్కటే. మా అబ్బాయి 2011లో అమెరికా నుంచి వచ్చినప్పుడు ఒక చిన్న ప్లేయరు తెచ్చాడు. శాన్‌డిస్క్ కంపెనీవారి సాన్సా క్లిప్ ప్లస్. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, చీరకొంగుకు తగిలించుకోవచ్చు. అందులో అన్నమయ్య కీర్తనలు, త్యాగరాజ కీర్తనలు, భాగవత ప్రవచనాలు, పాత సినిమా పాటలు ఫోల్డర్లుగా వేసి ఇచ్చాను. రోజూ వింటోంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒకనాడు మధ్యాహ్నం, "ఇవాళ ప్రవచనం ఎంతవరకు వచ్చింది?" అని అడిగాను. కాసేపు ఊరుకుని, "మూడు నెలలనుంచీ కీర్తనలే వింటున్నానండీ. మిగతావి ఎక్కడున్నాయో ఆ తెర మీద నాకు కనబడదు. ప్రతిసారీ మిమ్మల్ని పిలవడం ఎందుకని" అంది. పక్క గదిలోనే ఉన్నాను నేను. ముప్పయ్యారేళ్లు ఊరందరి ఫిర్యాదులూ రాసుకున్నవాణ్ణి, ఇంట్లో ఫిర్యాదు నా చెవిన పడలేదు.

సెల్‌ఫోనులు మాట్లాడతాయి కదా అని మీరనవచ్చు. నిజమే, ప్రయత్నించాం. నున్నటి అద్దం మీద వేలు ఎక్కడ పెట్టాలో ఆమెకు పట్టుబడలేదు. మధ్యలో ఎవరో ఫోను చేస్తారు, పాట ఆగిపోతుంది. ఈ డబ్బాకైతే చేతికి తగిలే బొత్తాలు ఉన్నాయి. లేనిది నోరు.

మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చి విషయం విని, "తాతయ్యా, దీనికి రాక్‌బాక్స్ ఎక్కిద్దాం, అప్పుడు మెనూలన్నీ చదివి వినిపిస్తుంది" అన్నాడు.

రాక్‌బాక్స్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ప్రతి ప్లేయరులోనూ దాన్ని నడిపించే ఒక ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. మన స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో పని తీరు మార్చాలంటే వైర్లు, రిలేలు మార్చవలసి వచ్చేది. తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాక అదే యంత్రానికి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే కొత్త సౌకర్యాలు వచ్చాయి. ఇదీ అంతే. స్వీడన్ దేశానికి చెందిన బ్యోర్న్ స్టెన్‌బర్గ్, లీనస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్, మరికొందరు మిత్రులు 2001 డిసెంబరులో ఈ పని మొదలుపెట్టారు. వారి దగ్గర ఫ్రెంచి కంపెనీ ఆర్కోస్ తయారుచేసిన ప్లేయరు ఉండేది. దాని ప్రోగ్రాం నచ్చక తామే రాసుకున్నారు. తర్వాత ఎందరో స్వచ్ఛందంగా చేరి ఐపాడ్, సాన్సా వంటి అనేక మోడళ్లకు దాన్ని విస్తరించారు. పూర్తిగా ఉచితం. చూపు లేనివారికోసం మెనూలు గొంతుతో చదివే ఏర్పాటు అందులో ఉంది. మాకు కావలసింది అదే.

ఇక పనిలోకి దిగాం. ఒక్క పూటలో అవుతుందనుకున్నది తొమ్మిది రోజులు పట్టింది. ఎక్కడెక్కడ ఆగామో వరసగా చెబుతాను. మీలో ఎవరైనా పూనుకుంటే ఆ తొమ్మిది రోజులూ మీకు మిగులుతాయి.

మొదటి ఫాల్టు. డబ్బాను కంప్యూటరుకు తగిలిస్తే చార్జి ఎక్కుతోంది కాని కంప్యూటరులో కనబడదు. మనవడు ప్రోగ్రాంను మళ్లీ మళ్లీ తెరుస్తున్నాడు. నేను ఆపాను. ఎక్స్ఛేంజిలో మనమేం చేసేవాళ్లం? ఎమ్‌డీఎఫ్ దగ్గర ఫ్యూజు తీసి, ఫాల్టు లోపలిదా, బయటి లైనుదా అని ముందు తేల్చుకునేవాళ్లం. ఇక్కడ బయటి లైను అంటే కేబులు. యూఎస్‌బీ కేబులులో మామూలుగా నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. చార్జింగు కోసమే చేసిన చవక కేబుళ్లలో ఆ రెండో జత ఉండదు. కేబులు మార్చాం. వెంటనే కనబడింది.

రెండో ఫాల్టు. కంప్యూటరుకు కనబడింది కాని రాక్‌బాక్స్ ఎక్కించే ప్రోగ్రాంకు కనబడలేదు. కారణం, ఈ ప్లేయరు కంప్యూటరుతో రెండు పద్ధతుల్లో మాట్లాడుతుంది. ఒకటి ఎమ్‌టీపీ, రెండోది ఎమ్‌ఎస్‌సీ. రెండో పద్ధతిలోనే అది పెన్‌డ్రైవ్‌లాగా ఒక డ్రైవ్ అక్షరంతో కనిపిస్తుంది. ప్లేయరు సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ అనేచోట ఎమ్‌ఎస్‌సీ అని పెట్టాం. ఆ అడ్డంకి తొలగింది.

మూడో ఫాల్టు నా చేతి చలవ. ఇక్కడ కొంచెం వివరం కావాలి. రాక్‌బాక్స్‌లో రెండు భాగాలు. ఒకటి బూట్‌లోడర్, అంటే స్విచ్చి వేయగానే మేలుకుని అసలు ప్రోగ్రాంను పిలిచే చిన్న ముక్క. రెండోది ఆ అసలు ప్రోగ్రాం, పేరుకు ముందు చుక్క ఉండే రాక్‌బాక్స్ అనే ఫోల్డరులో ఉంటుంది. బూట్‌లోడర్ ఎక్కించడానికి కంపెనీవారి అసలు ఫర్మ్‌వేర్ ఫైలు కూడా మన దగ్గర ఉండాలి. దానికే ఈ ముక్కను అతికిస్తారు. కేబులు తీయగానే ప్లేయరు తనంతట తనే దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఇది సవ్యంగా జరిగింది. రెండో భాగం దిగుతుండగా ఇంటర్నెట్ పోయింది. మనవడు బయటికి వెళ్లాడు. నేను ఊరుకోలేక, మర్నాడు ఇంకోచోట దింపించుకున్న ఫైలును నా చేత్తో విప్పి ఎక్కించాను. అయితే పాటల ఫోల్డరు లోపల పెట్టాను. స్విచ్చి వేస్తే, ఫైలు కనబడలేదని ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలిచిపోయింది. పాట లేదు, మాట లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉన్న కీర్తనలు కూడా ఆమెకు లేకుండా చేశానే అని. ఆమె మాత్రం, "పోనివ్వండి, రేడియో ఉందిగా" అంది. ఆ మాట తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది.

మర్నాడు మనవడు చెప్పాడు. ఈ పద్ధతిలో పాత ప్రోగ్రాం చెరిగిపోదు, పక్కనే ఉంటుంది. క్లిప్ ప్లస్‌ను పూర్తిగా ఆపి, ఎడమ బొత్తం నొక్కిపట్టుకుని స్విచ్చి వేస్తే పాతదే లేస్తుంది. అలాగే లేచింది! ఆ దారిన కంప్యూటరుకు తగిలించి, ఆ ఫోల్డరును లోపలి మెమరీలో అన్నిటికన్నా పై మెట్టుకు, అంటే మరే ఫోల్డరు లోపలా కాకుండా, మార్చాం. ఈసారి రాక్‌బాక్స్ లేచింది. కాబట్టి ఏ పనికైనా వెనక్కి వచ్చే దారి ముందు తెలుసుకోండి, తర్వాతే ముందుకు వెళ్లండి. నేను అది తిరగేసి చేశాను.

నాలుగో ఫాల్టు. లేచింది కాని మాట్లాడదు. గొంతు ఫైలు వేరే ఉంటుంది, దాన్ని విడిగా ఎక్కించాలి. ఎక్కించాక, సెట్టింగుల్లో వాయిస్ మెనూలు ఆన్ చేయాలి. చేశాం, ఇంగ్లీషులో పలికింది. ఆ తర్వాత నాలుగు రోజులకు కొత్త వెర్షన్ ఉందని మనవడు ఉత్సాహంగా దాన్ని ఎక్కించాడు. మళ్లీ మూగ! గొంతు ఫైలు ఏ వెర్షన్‌కు ఆ వెర్షన్‌దే కావాలి, పాతది కొత్తదానికి పొసగదు. జత కలిపాక సరిపోయింది. నడుస్తున్నదాన్ని ఊరికే కదపకూడదని మన పెద్దలు ఎక్స్ఛేంజిలో చెప్పేవారు. ఆ మాట ఇక్కడా నిలిచింది.

అయిదో ఫాల్టు. ప్రవచనాలు ఎక్కువని 64 జీబీ మెమరీ కార్డు కొన్నాం. అందులోవి ఏవీ కనబడలేదు. ఆ పరిమాణం కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే అమరికతో వస్తాయి, రాక్‌బాక్స్‌కు ఫ్యాట్32 కావాలి. కార్డును ఆ అమరికలోకి మార్చాం. ఇలా మారిస్తే కార్డులో ఉన్నదంతా చెరిగిపోతుంది. అందుకని ముందు అన్నీ వేరేచోట దాచుకోవాలి.

ఇక ఆఖరుది ఫాల్టు అనడానికి లేదు. ఫోల్డర్ల పేర్లు తెలుగు లిపిలో పెడితే ఆ చిన్న తెర మీద గుణింతాలు, ఒత్తులు సరిగా కూడవు. ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే కంప్యూటరు గొంతు వాటిని దొరగారిలా పలుకుతుంది. "అన్నమయ్య" అన్నది ఏదో ఊరి పేరులా వినిపించింది. మా ఆవిడ పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది.

దానికీ మార్గం దొరికింది. ఒక్కొక్క ఫోల్డరుకు ఒక చిన్న గొంతు ముక్క జతచేయవచ్చు, దాన్ని టాక్ ఫైలు అంటారు. కంప్యూటరు గొంతే కానక్కర్లేదు. నేను ఒక్కొక్క పేరూ మైకులో చెప్పాను. అన్నమయ్య, త్యాగరాజు, భాగవతం, పాత పాటలు. మనవడు వాటిని ప్లేయరు చదవగలిగే స్పీక్స్ అనే రకంలోకి మార్చి, ఏ ఫోల్డరు ముక్క ఆ ఫోల్డరులో పెట్టాడు. సెట్టింగుల్లో, ఫోల్డర్లకు టాక్ ఫైళ్లు వాడు అని చెప్పాం.

మర్నాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికి ఆమె పక్క మీద లేదు. వసారాలో కూర్చుని ఉంది. బొత్తం నొక్కుతోంది, నా గొంతు పేర్లు చెబుతోంది, ఆమె ముందుకు పోతోంది. భాగవతం దగ్గర ఆగింది. ప్రవచనం మొదలైంది. నేను పలకరించకుండా వెనక్కి వచ్చి పడుకున్నాను. పిలవవలసిన పని ఆమెకు లేదు, వెళ్లవలసిన పని నాకు లేదు. కాఫీ వేళకు మాత్రం, "పేర్లు మరీ హడావిడిగా చెప్పారండీ, ఎవరో తరుముతున్నట్టు" అంది. సరేనని మళ్లీ నింపాదిగా చెప్పాను.

ఇంకో సదుపాయం. ప్రవచనం ఎక్కడ ఆపితే అక్కడ గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడినుంచే వినిపించేలా అమర్చవచ్చు. నిద్రపోతే తనంతట తనే ఆగిపోయేలా గడువు పెట్టవచ్చు.

మిత్రులకు నాలుగు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఒకటి, మీ ప్లేయరు మోడల్ పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోండి. ఒక మోడల్‌ది ఇంకోదానికి ఎక్కించకూడదు. రెండు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి, మధ్యలో కేబులు లాగకండి. మూడు, ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చి చూడండి, కాగితం మీద రాసుకోండి. నాలుగు, ఇది కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాం కాదు. గ్యారంటీ ఉన్న కొత్త వస్తువుల జోలికి పోకండి.

పాతవాటికి కొదవ లేదు. ఆపిల్ కంపెనీ 2022లో ఐపాడ్ల తయారీ ఆపేసింది. మా క్లిప్ ప్లస్ తయారీ అంతకు ముందే ఆగిపోయింది. పిల్లలు వదిలేసిన ఇలాంటి డబ్బాలు మీ బీరువాల్లో ఎక్కడో ఉండే ఉంటాయి. పారేయకండి. మన ఇళ్లల్లో చూపు తగ్గినవారు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం సంఘం ఆఫీసులో కూర్చుంటాను. ప్లేయరూ, మంచి కేబులూ తీసుకురండి. గొంతు మాత్రం మీదే ఇవ్వాలి, నాది మా ఇంట్లో వాడుకలో ఉంది.