వెలుగు దయాభిక్ష కాదు



పాతబస్తీకి విద్యుత్తునందించే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకూ మనకూ నడుమనున్నది దయాదాక్షిణ్యాల బంధం కాదు, చట్టబద్ధమైన బాధ్యత. 2003 నాటి విద్యుత్ చట్టం 43వ సెక్షను ప్రకారం ఇంటి యజమానే కాదు, అద్దెకున్నవారూ కనెక్షను కోరవచ్చు. 56వ సెక్షను ప్రకారం బకాయి ఉన్నప్పటికీ 15 రోజుల లిఖితపూర్వక నోటీసు లేనిదే సరఫరా నిలిపివేయరాదు. బిల్లుపై వివాదముంటే, అభ్యంతరం తెలుపుతూ సొమ్ము చెల్లించి, ఫిర్యాదుల పరిష్కార వేదికను, ఆపై విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

మన బస్తీలపై కరెంటు దొంగలన్న ముద్ర వేస్తున్నారు. దొంగతనం మనకు హరాం, దానిని సమర్థించము. అయితే ఒకరి తప్పుకు వాడంతా చీకటిలో మగ్గడం న్యాయం కాదు. ఛార్జీలపై నియంత్రణ మండలి జరిపే బహిరంగ విచారణలో మన కుర్చీలు ఖాళీగా ఉండరాదు. రసీదులు భద్రపరచుకుందాము, మన మాట మనమే వినిపిద్దాము.