మీర్ ఆలంపై కేసు వద్దు

1908 ఫిబ్రవరి 10. జోహానెస్‌బర్గ్‌లోని ఆసియావాసుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు గాంధీ నడిచి వెళుతున్నారు. వెంట యూసఫ్ మియా, తంబి నాయుడు ఉన్నారు. దారిలో ఆరడుగుల పఠాను ఒకడు అడ్డొచ్చి, ఎక్కడికి వెళుతున్నావని అడిగాడు. పది వేళ్ల ముద్రలూ వేసి పత్రం తీసుకోబోతున్నానని గాంధీ చెప్పారు. నువ్వూ రా, ముందు నీకు రెండు బొటనవేళ్ల ముద్రలతోనే పత్రం ఇప్పిస్తానన్నారు. ఆ మాట పూర్తయ్యీ కాకముందే తలమీద దెబ్బ పడింది. స్పృహ తప్పి పడిపోయిన మనిషిని అతనూ, అతని తోటివాళ్లూ ఇంకా కొట్టారు, తన్నారు. అడ్డుపడిన ఇద్దరు మిత్రులకూ దెబ్బలు తగిలాయి.

ఆ పఠాను మీర్ ఆలం. పరుపులు చేయించి అమ్ముకునేవాడు. గాంధీకి పాత కక్షిదారు. ఏ ఇబ్బంది వచ్చినా ఆయన ఆఫీసుకే వచ్చేవాడు. అలాంటివాడు ఎందుకు చెయ్యెత్తాడో తెలియకపోతే, ఆ తర్వాత గాంధీ చూపిన క్షమ విలువ తెలియదు.

దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో భారతీయులంతా వేలిముద్రలు వేసి పత్రాలు తీసుకోవాలన్న శాసనాన్ని నల్లచట్టమన్నారు. దానికి లొంగబోమని 1906 సెప్టెంబరు 11న ఎంపైర్ థియేటర్‌లో ప్రతిజ్ఞ పట్టారు. 1908 జనవరిలో గాంధీ జైలుకెళ్లారు. ఆ నెలాఖరుకే అక్కడి మంత్రి జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరింది: భారతీయులు స్వచ్ఛందంగా నమోదవుతారు, ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేస్తుంది. నిన్నటిదాకా అవమానమన్న వేలిముద్ర ఇవాళ గౌరవం ఎలా అయిందని పఠాన్లు నిలదీశారు. పదిహేను వేల పౌన్లకు గాంధీ జాతిని అమ్మేశాడన్న పుకారు లేచింది. పుకారు పచ్చి అబద్ధమే. కానీ దాని వెనకున్న కోపం అబద్ధం కాదు.

స్పృహ వచ్చాక గాంధీ చేసిన మొదటి పనుల్లో ఒకటి, పట్టుబడిన మీర్ ఆలంను, అతని తోటివాళ్లను విడిచిపెట్టమని కోరడం. తాము సరైన పనే చేస్తున్నామని వాళ్లు నమ్మారనీ, వాళ్లపై కేసు పెట్టడం తనకిష్టం లేదనీ అటార్నీ జనరల్‌కు తంతి పంపారు. పాదరీ జోసెఫ్ డోక్ ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్లి సేవచేశారు. పెదవికి కుట్లు పడ్డాయి, మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడు. అయినా మంచంమీంచే ప్రజలకు సందేశం రాశారు. కొట్టింది ముస్లిం కనుక హిందువులు మనసులో ఏదీ పెట్టుకోవద్దని అందులో ప్రత్యేకంగా కోరారు. తన గాయం రెండు మతాల మధ్య గొడవ కాకుండా చూసుకున్న ఆ జాగ్రత్తను ఎంత మెచ్చుకున్నా తక్కువే. అదే మంచంమీద, రిజిస్ట్రార్ చామ్నీని పిలిపించి, ఇచ్చిన మాట ప్రకారం వేలిముద్రలు వేశారు. దెబ్బలకు భయపడి వెనక్కి తగ్గలేదు, కసితో ముందుకీ పోలేదు.

అంతటితో అయిపోలేదు. నడివీధిలో జరిగిన నేరం గాంధీ సొంత వ్యవహారం కాదని నగరంలోని యూరోపియన్లు పట్టుబట్టారు. నిందితులను మళ్లీ పట్టుకున్నారు. మీర్ ఆలంకు మూడు నెలల కఠిన కారాగారశిక్ష పడింది. యూరోపియన్ల ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. దెబ్బలు తిన్నవాళ్లలో తంబి నాయుడూ ఉన్నాడు. మారిషస్‌లో పుట్టి, తమిళం మాతృభాషైనా తెలుగూ మాట్లాడగలిగిన ఆ సాహసి తరఫున క్షమించే హక్కు గాంధీకి ఉందా? లేదనే చెప్పాలి. తన గాయాన్ని మాత్రమే ఎవరైనా క్షమించగలరు. గాంధీ గొప్పతనం తన వంతు తాను నిండుగా చేయడంలో ఉంది.

ఇది ఆ క్షణంలో పుట్టిన ఉదారత కాదు. 1897 జనవరిలో డర్బన్ ఓడరేవులో దిగినప్పుడు తెల్లవాళ్ల గుంపు ఆయన్ని రాళ్లతో, గుడ్లతో కొట్టింది. పోలీసు సూపరింటెండెంట్ అలెగ్జాండర్ భార్య తన గొడుగు అడ్డుపెట్టి కాపాడింది. దోషులపై కేసు పెట్టమని లండన్ నుంచి మంత్రి చాంబర్లేన్ తంతి పంపినా గాంధీ ఒప్పుకోలేదు. గుంపును రెచ్చగొట్టిన నాయకులదీ, నాటాల్ ప్రభుత్వానిదీ అసలు తప్పని నాటాల్ అటార్నీ జనరల్ ఎస్కోంబ్ ముఖానే చెప్పారు. కొట్టినవాణ్ణి వదిలినా, కొట్టించినవాణ్ణి వేలెత్తి చూపకుండా వదల్లేదు. మన కుటుంబాల్లో, రాజకీయాల్లో క్షమ పేరుతో జరిగే సర్దుబాట్లలో ఈ రెండో పని తరచుగా మాయమవుతుంది.

స్మట్స్ చట్టాన్ని రద్దు చేయలేదు. అంటే రాజీని నమ్మవద్దన్న పఠాన్ల అనుమానంలో కొంత నిజమే ఉంది! 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండువేలకు పైగా పత్రాలను పెద్ద కడాయిలో పోసి తగలబెట్టారు. ఆ సభకు మీర్ ఆలం వచ్చాడు. కొట్టడం తన తప్పేనని అందరి ముందూ ఒప్పుకుని, తన పాత పత్రాన్నీ కాల్చడానికి ఇచ్చాడు. గాంధీ అతని చెయ్యి పట్టుకుని, నీ మీద నాకెప్పుడూ కోపం లేదన్నారు.

క్షమించాక కూడా గాంధీ స్మట్స్‌తో పోరాటం ఆపలేదు. 1914లో ఒప్పందం కుదిరేదాకా సాగించారు. ఈ వృత్తాంతమంతా ఆయన గుజరాతీలో రాసిన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఉంది. యువతీయువకులు ఆ పుస్తకాన్ని తెరిచి, మీర్ ఆలం ఉన్న పుటలను తప్పక చదవాలని మనవి.