కిటికీ గుమ్మమయ్యే వేళ



లాల్‌బాగ్‌లోని గ్లాస్ హౌస్‌ను ఎరుగని తెలుగువారు బెంగళూరులో అరుదు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌ను ఆదర్శంగా తీసుకొని, 1889లో దానికి శంకుస్థాపన చేశారు. ఆ ముచ్చటే నేడు చిన్న రూపంలో ఇళ్ల వెనుకకు చేరింది. పెరటి వైపు అద్దాల గది, అందులో నాలుగు కుండీలు, దానిలోకి నడిచి వెళ్లడానికి కిటికీ స్థానంలో తలుపు లేని గుమ్మం. కోరిక చక్కనిదే. అయితే కిటికీని గుమ్మంగా మార్చడమంటే ఇంటి బరువును, గాలిని, నీటిని కొత్తగా సర్దుబాటు చేయడమే.

మొదటిది బరువు. కిటికీ మీద ఉన్న లింటెల్ పై గోడ భారాన్ని ఇరుపక్కల గోడలకు పంచుతుంది. సాధారణంగా తలుపులకూ కిటికీలకూ లింటెల్ ఏడడుగుల ఎత్తున ఒకే వరుసలో ఉంటుంది కనుక, వెడల్పు పెంచకుండా కిటికీ కింది మూడడుగుల గోడను మాత్రమే తొలగిస్తే పై భారం దారి మారదు. వెడల్పు పెంచదలిస్తే సంగతి వేరు. జాకీలతో పై భాగాన్ని నిలబెట్టి, పొడవైన కొత్త లింటెల్ వేయాలి. అది ఇంజనీరు లెక్క చూసి చెప్పవలసిన పని. గోడ కొడుతుండగా లోపల ఇనుప చువ్వ కనబడితే, పని అక్కడికక్కడే ఆపాలి. కొత్త అపార్ట్‌మెంట్లు అనేకం గోడలతో సహా కాంక్రీటుతో పోసినవి. వాటిలో ఏ గోడనూ కోయరాదు.

రెండవది గాలి. కిటికీ ఇంతకాలం ఆకాశానికి తెరుచుకొనేది. ఇకపై అద్దాల గదిలోకి తెరుచుకుంటుంది. గ్యాస్ గీజరు పొగ బయటకు పోయే దారి ఆ వైపే ఉంటే, ఆ విషవాయువు ఇంటిలోనే నిలుస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. కాబట్టి గీజరు గొట్టాన్ని ముందుగా ఆరుబయటకు మళ్లించాలి. అద్దాల గదికి పై భాగంలో వేడి పోయే కిటికీ, కింద గాలి వచ్చే కిటికీ ఉండాలి. కప్పుకు లామినేటెడ్ అద్దం మేలు. పగిలినా ముక్కలు నెత్తిన రాలకుండా పొరకు అంటుకొని ఉంటాయి.

మూడవది నీరు. అద్దాల గది నేల ఇంటి నేల కంటే కాస్త పల్లంగా, వాలు బయటికి ఉండాలి. గడపకు పసుపు పూసే ఇంట గడప ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. వాన నీటిని ఆపే మొదటి కట్ట అదే.

ఈ గదుల అలవాటు ఎక్కువగా ఉన్న ఇంగ్లండులో, 30 చదరపు మీటర్లలోపు అద్దాల గదికి నిర్మాణ నియమాల నుంచి మినహాయింపు దక్కాలంటే, ఇంటికీ దానికీ నడుమ బయటి తలుపో కిటికీయో గోడో నిలిచి ఉండాలన్నది ఒక షరతు. గుమ్మాన్ని బార్లా తెరిస్తే ఆ మినహాయింపు పోతుంది. అక్కడి భయం చలి. ఇక్కడి భయం ఎండ, వాన, దొంగ. కిటికీ ఊచలు పోయినప్పుడు అద్దాల గది తలుపే వీధి తలుపవుతుంది. దాని గడియ ఆ స్థాయిలోనే ఉండాలి.

ఇక అనుమతి. ఇంటి చుట్టూ విడిచిన ఖాళీ జాగా గాలికీ, వెలుతురుకూ, అగ్నిమాపక సిబ్బంది రాకకూ ఉద్దేశించినది. అక్కడ గది కట్టే ముందు పురపాలక కార్యాలయంలో విచారించాలి. అపార్ట్‌మెంట్లలో నిర్మాణ భద్రతకు ముప్పు తెచ్చే పనిని ఇతర యజమానులందరి సమ్మతి లేకుండా చేయరాదని 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం చెబుతోంది. అద్దెకున్నవారు యజమాని అంగీకారాన్ని కాగితం మీద తీసుకోవాలి.

చివరిగా ఒక్క మాట. గోడ మీద సమ్మెట వేసేవాడు పొట్ట చేతబట్టుకొని పాలమూరు నుంచో, అనంతపురం నుంచో వచ్చిన మనిషి కావచ్చు. ఆ గోడలో కరెంటు తీగ ఎక్కడుందో ఇంటివారికి తెలిసే అవకాశం ఉంది, అతనికి లేదు. మెయిన్ స్విచ్ ఆపిన తరువాతే మొదటి దెబ్బ పడాలి.