మిడిల్‌టౌన్ గోడు మనకెందుకు పట్టాలి

ఈ స్మారకోపన్యాసంలో అమెరికా మితవాద వ్యాఖ్యాతల గురించి మాట్లాడతానంటే, బేస్తవారిపేటలో ఆ గొడవ ఎవరిక్కావాలని కొందరు మిత్రులు అడిగారు. కావాలి. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు మీద సంతకం చేశారు. మర్నాడు పొద్దునకల్లా మార్కాపురం, కంభం, గిద్దలూరు ఇళ్లలో అదే మాట. ఆమోదం పొందే హెచ్-1బీ దరఖాస్తుల్లో నూటికి డెబ్బైకి పైగా భారతీయులవే మరి. ఆ ఉత్తర్వు ఒక్క రాత్రిలో ఊడిపడలేదు. రేడియోల్లో, టీవీల్లో, పాడ్‌కాస్టుల్లో ఏళ్ల తరబడి నలిగిన వాదం దాని వెనక ఉంది. ఆ వాదం మనం చెవినపెట్టలేదు. వీసా వస్తుందా రాదా అన్నంతవరకే ఆ దేశ రాజకీయం మనకు పట్టింది.

నేను సంప్రదాయవాదిని. ఇల్లు, ఊరు, గుడి, బడి ప్రభుత్వాల కంటే పాతవనీ, వాటిని కూలదోయడం తేలిక, నిలబెట్టడం కష్టమనీ నమ్మేవాణ్ణి. వెలిగొండ ప్రాజెక్టుకు కమ్యూనిస్టు నేత పూల సుబ్బయ్య గారి పేరు పెట్టుకున్న గడ్డ ఇది. 1962లో కమ్యూనిస్టు గుజ్జుల యల్లమందారెడ్డి గారిని లోక్‌సభకు పంపిన మార్కాపురం మనది. ఆ పెద్దల మీద గౌరవం ఉంచుకునే ఈ మాట చెబుతున్నాను. మితవాదం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ప్రకాశం పంతులు గారు 1921లో మద్రాసులో పెట్టిన ‘స్వరాజ్య’ దినపత్రికలో పనిచేసిన ఖాసా సుబ్బారావు గారు, నెల్లూరు జిల్లా మనిషి, 1956లో అదే పేరుతో ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టారు. రాజాజీ అందులో విడవకుండా రాశారు. 1959లో స్వతంత్ర పార్టీ పుడితే అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా గారే. 1967 ఎన్నికల్లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలొచ్చాయి. అటు న్యూయార్కులో విలియం బక్లీ ‘నేషనల్ రివ్యూ’ పత్రిక పెట్టింది 1955లో. ఇక్కడా అక్కడా పోరు ఒకటే: సర్కారు పెత్తనం తగ్గాలి, మనిషికి తన కష్టార్జితం మీద హక్కుండాలి.

ఆ బాటలో గెలిచిన అధ్యక్షుడు రీగన్. పదవి దిగిపోతూ 1989 జనవరిలో ఆయన చెప్పిన మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది: ప్రపంచంలో ఏ మూల నుంచి వచ్చినవాడైనా అమెరికన్ కాగలడని. మన పిల్లలు నమ్మిన అమెరికా అదే. 2024 జులైలో రిపబ్లికన్ల మహాసభలో ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ దానికి మరో మాట చేర్చారు. అమెరికా ఒక భావన మాత్రమే కాదు, ఒక నేల, ఒక జనం, వాళ్లు పంచుకున్న చరిత్ర అన్నారు. అందుకు ఆయన చూపిన సాక్ష్యం ఒక శ్మశానం. తూర్పు కెంటకీ కొండల్లో వాళ్ల వంశానికి సమాధుల నేల ఉంది. పెళ్లికి అడిగినప్పుడు, తన దగ్గరున్నవి లా చదువు అప్పు లక్షా ఇరవై వేల డాలర్లు, ఆ కొండ మీది శ్మశానంలో కాస్త చోటు, అంతేనని ఆమెతో చెప్పారట. తామూ పిల్లలూ అక్కడే ఒరిగితే ఏడు తరాలవుతాయన్నారు. ఆ పెళ్లికూతురు ఉషా చిలుకూరి, తెలుగు తల్లిదండ్రుల బిడ్డ. భర్త ఉపాధ్యక్షుడిగా గెలిస్తే పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరులో సంబరం చేసుకున్నారు.

ఆ ఉపన్యాసాన్ని మన పత్రికలు ఉష గారి పుట్టింటి మూలాలు వెతకడానికి వాడుకుని వదిలేశాయి. అసలు సంగతి ఆ శ్మశానంలో ఉంది. వాన్స్ పెరిగిన ఒహాయో రాష్ట్రపు మిడిల్‌టౌన్ ఉక్కు ఊరు. తాత ఆర్మ్‌కో కంపెనీలో పనిచేశారు. 1989లో ఆ కంపెనీ జపాను కవసాకీతో కలిసింది. పాత రోజులు మళ్లీ రాలేదు. నడి ఊళ్లో అంగళ్లు మూతబడ్డాయి, మత్తుమందు ఇళ్లలోకి జొరబడింది, తల్లి దానికి బానిసైతే అమ్మమ్మ ఆయన్ను సాకింది. 2016లో వచ్చిన ‘హిల్‌బిల్లీ ఎలిజీ’ నిండా ఈ కథే. అది చదువుతుంటే నాకు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలు కళ్లముందు కదిలాయి. గనిలోంచి తెచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నున్నగా రుద్ది, కొయ్య చట్రంలో బిగించి పంపితే దేశమంతా పిల్లలు దాని మీదే అ ఆలు దిద్దారు. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. బడికి పోవాల్సిన పిల్లలే ఆ పలకలు చేసిన పాపమూ మన ప్రాంతం మూటగట్టుకుంది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పనీ పలచబడింది. ఆ కూలీల పిల్లలు ఇప్పుడు హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నారు. చదువు అబ్బినవాళ్లు డల్లాస్ దాకా వెళ్లారు.

కాబట్టి మిడిల్‌టౌన్ కోపాన్ని జాతిద్వేషమని కొట్టిపారేయడం నావల్ల కాదు. పని పోయిన ఊరికి కోపం వస్తుంది. చవకగా ఎక్కడ దొరికితే అక్కడ కొనండి, పని ఎక్కడుంటే అక్కడికి పొండి అని మార్కెట్టు చెప్పిందల్లా ముప్పై ఏళ్లపాటు రిపబ్లికన్ నాయకులే చెప్పారు. కొడుకు దూరదేశం పోతే ఇల్లెట్లా బోసిపోతుందో తెలిసినవాళ్లం మనం. పని పోతే ఊరు పోతుందన్న మాట మనమే ముందు అనాల్సింది.

2024 డిసెంబరులో రీగన్ చెప్పిన మితవాదం, వాన్స్ చెప్పిన మితవాదం బాహాటంగా తలపడ్డాయి. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను కృత్రిమ మేధ సలహాదారుగా ట్రంప్ ఎంచుకోవడంతో నిప్పు రాజుకుంది. పారిశ్రామికవేత్తలు ఇలాన్ మస్క్, వివేక్ రామస్వామి వీసాల వైపు నిలిచారు. మితవాద వ్యాఖ్యాతలు స్టీవ్ బ్యానన్, లారా లూమర్ ఎదురు తిరిగారు. అమెరికా సంస్కృతి చదువులో మొనగాణ్ణి వదిలేసి ఆటల హీరోను నెత్తిన పెట్టుకుంటోందని రామస్వామి అన్నారు. మన ఇళ్లలో ఆ మాటకు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. రాత్రింబగళ్లు ర్యాంకుల కోసం రుబ్బించిన చదువు పిల్లలకేం చేసిందో ఇంటర్ ఫలితాలొచ్చిన ప్రతిసారీ మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. సాయంత్రం ఆటకు, ఆదివారం చర్చికి చోటుంచిన సంస్కృతిని ఆ కొలబద్దతో కొలవడం తప్పు.

ఇక అమెరికా మితవాదులు తప్పుతున్న దారి. వ్యాఖ్యాత యాన్ కూల్టర్ 2024లో రామస్వామి ముఖం మీదే చెప్పారు: మీరు చెప్పేదాంట్లో చాలా భాగం ఒప్పుకుంటాను గానీ, మీరు భారతీయులు కాబట్టి ఓటెయ్యనని. అక్కడ ఊరి మీది ప్రేమ అయిపోయింది, రక్తం లెక్క మొదలైంది. 2025 అక్టోబరులో పాడ్‌కాస్టర్ టక్కర్ కార్ల్‌సన్, యూదుల మీద విషం కక్కే నిక్ ఫ్యూయెంటెస్‌ను కూర్చోబెట్టి సావకాశంగా మాట్లాడారు. ఇదే ఫ్యూయెంటెస్ ఉష గారిని జాతి పేరుతో తిట్టినవాడు. మితవాద మేధోసంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడు కెవిన్ రాబర్ట్స్ కార్ల్‌సన్‌ను వెనకేసుకొచ్చి, సొంత సంస్థలోనే తిరుగుబాటు వచ్చాక క్షమాపణ చెప్పుకున్నారు.

ఈ దారి తప్పడానికి మూలం మాధ్యమంలో ఉందని నా అభిప్రాయం. రెండు పక్షాల మాటా వినిపించాలన్న ప్రసార నియమం 1987లో పోయింది. మర్నాటి ఏడాదే రష్ లింబా రేడియో దేశమంతా మోగింది, 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది. అణగినవాళ్ల గొంతుకు అది అవసరమైన తలుపే. కానీ పాడ్‌కాస్టుకు ఎడిటరు లేడు. వినేవాడి కోపమే దాని సంపాదన. 1962లో బక్లీ, తీవ్ర మితవాద సంస్థ జాన్ బర్చ్ సొసైటీ నాయకుడు రాబర్ట్ వెల్చ్‌ను తన పత్రిక నుంచే దుయ్యబట్టారు. చందాదారులు పోతారని తెలిసే చేశారు. అదే పత్రిక 1957లో దక్షిణాది తెల్లవాళ్ల పెత్తనాన్ని సమర్థించిన మచ్చ కూడా మోసింది. బక్లీ తర్వాత అది తప్పని ఒప్పుకున్నారు. తప్పు దిద్దుకోవడానికి ఒక పత్రిక, ఒక ఎడిటరు ఉన్నారు. ఇవాళ ఆ కుర్చీలో ఎవరున్నారు?

వలసలకు అమెరికా తలుపులు మూసిన 1924 చట్టాన్ని మంచికాలమని పొగిడేవాళ్లు మన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి వినాలి. భీమవరంలో పుట్టిన ఆయన ఆ చట్టానికి కాస్త ముందే బోస్టన్ చేరారు. 1946 దాకా భారతీయులకు పౌరసత్వమే లేదు. అయినా లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధనలోంచి ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. మన కోస్తా ఊళ్లలో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర కూడా అక్కడిదే. 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. అమెరికా ఆయన్ను తన మనిషి అనలేదు. ఆయన మాత్రం ఆ దేశానికి చేయాల్సిందంతా చేశారు. సంప్రదాయవాదికి మనిషిని తూచే అసలు తూకం ఇదే కావాలి: ఈ నేలకు ఏ బాధ్యత మోస్తున్నావు?

ఇక్కడ ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లల్లో చాలామందికి అక్కడ పౌరసత్వం వచ్చింది, ఓటొచ్చింది. తెలుగు సంఘాల సభలకు, గుడి ఉత్సవాలకు పోతున్నారు. సంతోషం. ఉన్న ఊళ్లో స్కూలు బోర్డు సమావేశానికి, స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి, పక్కింటి ముసలాయన అంత్యక్రియలకు కూడా వెళ్లమనండి. ఒహాయో గవర్నరు పదవికి రామస్వామి బరిలో దిగారు. 2026 నవంబరులో మిడిల్‌టౌన్ జనమూ ఓటేస్తారు. ఆ ఊరి ఇంటి మెట్ల మీద కూర్చుని వాళ్ల గోడు పూర్తిగా విని, ఆ తర్వాత మన మాట చెప్పగల తెలుగు పిల్లలు అక్కడ వందమంది కూడా చాలు. ఈసారి పండక్కి ఫోన్ చేసినప్పుడు వీసా సంగతితో పాటు ఇదీ అడగండి.