నగరాల్లో చెత్త – మన వంతు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద నగరాల్లో వీధుల నిండా చెత్త ఎందుకు పడుతున్నది? చదువులేనివాళ్ళ వల్లనే అంటారు కొందరు. నేను ఒప్పుకోను. కారు అద్దం దించి బిస్కట్ కాగితం రోడ్డుమీద పారేసేవాడు చదువులేనివాడా?

కాస్త గమనించి చూడండి. చెత్త ఊరంతా సమానంగా పడదు. బస్టాపు, గల్లీ మలుపు, ఖాళీ ప్లాటు, నాలా ఒడ్డు – ఇలా ఎవరివీ కావనుకునే చోట్లే పడుతుంది. మన వాకిలి రోజూ ఊడుస్తాం. ఊడ్చినది మాత్రం గుమ్మం దాటించి వీధిలోకి నెడతాం.

రెండో సంగతి: చెత్తే చెత్తను పిలుస్తుంది. హాలెండులోని గ్రోనింగెన్ నగరంలో పరిశోధకులు నిలిపి ఉన్న సైకిళ్ళకు ప్రకటన కాగితాలు తగిలించి చూశారు. ఫలితాలు 2008లో ప్రకటించారు. పక్క గోడ శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 33 మంది ఆ కాగితం కింద పారేశారు. అదే గోడమీద పిచ్చిరాతలున్నప్పుడు 69 మంది పారేశారు!

మూడోది సౌకర్యం. చెత్తబండి దూరలేని ఇరుకు గల్లీలున్నాయి. బండి వచ్చే వేళకు అందరూ పనికి వెళ్ళిపోయే ఇళ్ళున్నాయి. ఆ ఇంటి సంచి రాత్రిపూట వీధి మూలకే చేరుతుంది. కనుక తప్పంతా ప్రజలదే అనడం న్యాయం కాదు.

ఇది మారదా? మారుతుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ నుండి లక్షలమంది పారిపోయారు. మన తెలుగు నేతపనివారు ఎందరో ఉన్న ఊరది. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావుగారు అధికారులను గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి పంపారు. చెత్త వేసినవారికి జరిమానాలు వేయించారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో అదే సూరత్, ఇండోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానం పొందింది.

మన హైదరాబాదు సంగతి? 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ ఇళ్ళల్లోకి నీళ్ళు చొచ్చుకొచ్చాయి, ప్రాణాలు పోయాయి. చెరువుల కట్టలు తెగడం, ఆక్రమణలు పెద్ద కారణాలే. కాని నాలాకు అడ్డుపడే ప్లాస్టిక్ సంచి మన చేతిలోంచి జారిందే కదా! ఆ నీళ్ళు ముందు ముంచేది పల్లంలో ఉన్న బీదవాడి ఇంటినే.

కనుక నా మనవి మూడే మాటలు. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇద్దాం. 2016 నిబంధనలు చెప్పిందీ అదే. పగిలిన గాజు కాగితంలో చుట్టి ఇద్దాం. సఫాయి పనివారి చేతులూ చేతులే. ప్రతి గల్లీవారు ఒక్క మూలను తమదిగా చేసుకుని, అక్కడ మొదటి సంచి పడకుండా చూసుకుందాం.

కాసేపట్లో భోజనాలున్నాయి. ప్లేట్లు, గ్లాసులు హాలు వెనక నాలాలోకి పోకుండా చూసే పని నేటినుంచే మొదలుపెడదాం. సెలవు.