బడి పిల్లల చేతికి పనిముట్లు

శనివారం ఉదయాల్లో హైస్కూలు పిల్లలకు సాంకేతిక విద్య నేర్పుతున్న మేము కొందరము, మా అనుభవంలోని సంగతులు మీకు మనవి చేయవచ్చాము.

1860 మొదలుకొని మద్రాసు రేవులో ఓడ ఎక్కి నాటాలుకు వచ్చిన మన పెద్దలు చెరకు తోటల్లో, మిల్లుల్లో, రైల్వేలో పనిచేశారు. చేతిపనిలో నేర్పు గడించినవారు వారిలో ఎందరో. కాని నేర్పు వేరు, దానికి పత్రం వేరు. 1922 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం చదువు అర్హత పెట్టింది. తెల్లవారి యూనియన్ల బలం దానికి తోడైంది. యంత్రాన్ని విప్పి బిగించగల మనిషి కూడా సహాయకుడుగానే మిగిలిపోయేవాడు. అందుకే ఇక్కడి భారతీయులు చందాలు పోగుచేసి సాంకేతిక తరగతులు నడిపారు. 1946లో డర్బన్‌లో ఎం.ఎల్. సుల్తాన్ టెక్నికల్ కాలేజి ఏర్పడింది. ఆ పేరుగల దాత 1890లో కూలి ఒప్పందం మీద వచ్చినవాడే. 2002 విలీనం తర్వాత ఆ కాలేజి నేటి డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో భాగమైంది.

పెద్దలు ఇంత కష్టపడి తెరిపించిన తలుపు అది. ఇప్పుడు మన ఇళ్లలో వినిపించే మాటేమిటి? "టెక్నికల్ సబ్జెక్టులు చదువు రానివాళ్లకు" అని. డాక్టరు, లాయరు, అకౌంటెంటు కాకపోతే బంధువుల్లో తలవంపులట! ఈ మాట మాకు బొత్తిగా నచ్చదు.

మా తరగతిలో ఒక పాఠం చెబుతాము. 2022, 2023 సంవత్సరాల్లో కరెంటు కోతలు మనకందరికీ అనుభవమే. పిల్లల ముందు 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల లెడ్-ఆసిడ్ బ్యాటరీ పెట్టాము. రెండూ గుణిస్తే 1,200 వాట్-గంటలు. సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది కనుక చేతికందేది 600. తొమ్మిది వాట్ల బల్బులు ఐదు వెలిగిస్తే 45 వాట్లు. కాగితం మీద 13 గంటలు వస్తుంది, ఇన్వర్టరు తినేది పోగా కొంత తగ్గుతుంది. "మరి అవ్వకు టీ కాచడానికి కెటిల్ పెడితే?" అని ఒక పిల్ల అడిగింది. కెటిల్ 2,000 వాట్లు. దానిని 12తో భాగించమన్నాము. 166 ఆంపియర్లు దాటింది! అంత కరెంటు సన్నని తీగలో పోతే ఏమవుతుందో, ఫ్యూజు ఎందుకుండాలో మేము చెప్పనక్కరలేకపోయింది. ఆ పూట అవ్వ టీ గ్యాసు పొయ్యి మీదనే అని పిల్లలే తీర్మానించారు. ఇంటి మెయిన్సు తీగలను మాత్రం తాకనివ్వము. 12 వోల్టుల దగ్గర కూడా పెద్దవారొకరు పక్కన నిలబడవలసిందే.

ఫోను వాడడం పిల్లలకు మేము నేర్పే పని లేదు, వారే మాకు నేర్పుతారు. కాని కంప్యూటరు తెరమీద అందంగా తిరిగే బొమ్మకు కొలతలు వేయమంటే తడబడతారు. అందుచేత ముందు పెన్సిలు, స్కేలు; ఒక చెక్కముక్కను ఎదుటినుంచి, పైనుంచి, పక్కనుంచి చూసి గీయడం; తర్వాతనే కంప్యూటరు.

తల్లిదండ్రులకు ఒక్క హెచ్చరిక. తొమ్మిదో గ్రేడు చివర సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు, మార్కులు తగ్గుతాయని గణితం మానిపించి మేథమెటికల్ లిటరసీ తీయించకండి. అది తీసుకున్నవారికి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు దారి మూసుకుపోతుంది. టెక్నికల్ మేథమెటిక్స్‌ను అన్ని చోట్లా ఒకే విధంగా అంగీకరించరు. చేరదలచిన చోట ముందే అడిగి తెలుసుకోండి. పదిహేనేళ్ల పిల్లవాడు ఒక్కడే తేల్చుకోవలసిన సంగతి కాదిది.

హాలు ఉంది, నేర్పడానికి రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. మల్టీమీటర్లు చాలవు. మీ ఇంట తాతగారి పెట్టెలో వెర్నియర్ కాలిపర్సు, ఆకురాళ్లు తుప్పు పడుతుంటే తెచ్చి ఇవ్వండి. పనిచేయని ఇస్త్రీపెట్టె కూడా తీసుకుంటాము. ప్లగ్గు కోసేసి, దానిని విప్పడానికి పిల్లలు వరుసకట్టి నిలబడతారు.