నాన్న కారు మీటరు

మన మెదక్ చర్చి రోడ్డు మీద మా నాన్న నడిపిన అంబాసిడర్ ఇప్పుడు నా దగ్గరుంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. వానాకాలంలో స్పీడోమీటర్ అద్దం లోపల ఆవిరి పట్టి ముల్లు కనబడేది కాదు. మీటరే మార్చెయ్యమన్నాడు ఒక మెకానిక్. మనసొప్పక నేనే విప్పాను. అద్దం చుట్టూ రబ్బరు రింగు ఎండి పగిలింది. తేమ వచ్చేది అక్కడినుంచే. చల్లని నీళ్ల చెంబుకు చెమట ఎందుకు పడుతుందో సైన్సు సారు చెప్పిందే! అద్దం తుడిచి, ఆరబెట్టి, కొత్త రబ్బరు వేశాను.

అంతటితో ఆగితే బాగుండేది. డయలు కూడా మెరవాలని తడిగుడ్డతో రుద్దితే 40 అంకె గుడ్డకు అంటుకొచ్చింది. పాత డయలుకు మెత్తని పొడి బ్రష్షే వాడాలట, తర్వాత తెలిసింది. నాన్న ఎన్నడూ 40 దాటించలేదు. ఆ ఖాళీ అట్లనే ఉంచాను. కారు బయట వేపచెట్టు కింద ఉంది, భోజనాలయ్యాక చూడండి.